అలర్జీ మాత్ర మింగి ట్రాక్టర్ ఎక్కవచ్చా?

(రైతు సంఘం శిక్షణ తరగతుల్లో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించి, కౌలు రైతుల గుర్తింపు గురించి, పంటల బీమా గురించి పొద్దుటి నుంచి వింటున్నారు. ఇప్పుడు నేను తుమ్ముల గురించి మాట్లాడతానంటే కొందరికి నవ్వు రావచ్చు. ముక్కు కారడం కూడా రైతు సంఘం ఎజెండాలోకి వస్తుందా అనిపించవచ్చు. వస్తుందనే నేనంటాను. తుమ్ములు ఆగడానికి మనం వేసుకునే మాత్ర, యంత్రం మీద కూర్చున్న మనిషికి కునుకు తెప్పించగలదు. నూర్పిడి మిషన్‌లో చెయ్యి పడినా, ట్రాక్టర్ గట్టు దిగి బోల్తా కొట్టినా, ఆ మనిషి ముందురోజు రాత్రి ఏ మాత్ర వేసుకున్నాడని మనమెవరమూ అడగం. పోలీసులు అడగరు, బీమా వాళ్లు అడగరు. "అజాగ్రత్త" అని ఒక్క మాట రాసి ఫైలు మూసేస్తారు. తప్పంతా కష్టజీవి మీదికే పోతుంది.

కాబట్టి ఈ రోజు మూడు విషయాలు చెబుతాను. అలర్జీ మాత్ర ఒంట్లో ఏం చేస్తుంది? పాత మాత్రకు మత్తు ఎందుకు వస్తుంది, కొత్త మాత్రకు ఎందుకు రాదు? ఏ సందర్భంలో ఈ మాత్రను అసలు నమ్ముకోకూడదు? మూడోది అన్నిటికంటే ముఖ్యం. అది ప్రాణాల మీదికి వచ్చే విషయం.

ఒంట్లో జరిగేది ఏమిటి?

వరి నూర్చేటప్పుడు లేచే దుమ్ము, నూగు, గడ్డివాములో పట్టిన బూజు, గోదాములో కంటికి కనపడని పురుగుల రజను, వయ్యారిభామ పుప్పొడి. వీటిలో చాలావరకు విషాలు కావు. పక్కనున్న మనిషి అదే దుమ్ములో హాయిగా పనిచేస్తుంటాడు. కానీ కొందరి ఒళ్లు వాటిని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. రోగాలతో పోరాడడానికి మన రక్తంలో యాంటీబాడీలు తయారవుతాయి కదా, వాటిలో ఐజీఈ అనే రకం ఉంది. అలర్జీ ఉన్న మనిషిలో ఆ పుప్పొడిని గుర్తుపట్టే ఐజీఈ తయారై, మాస్ట్ కణాలు అనే ఒక రకం కణాలకు అతుక్కుని కూర్చుంటుంది. ఈ కణాలు ముక్కులో, కళ్లలో, చర్మంలో, ఊపిరితిత్తుల్లో కాపలాగా ఉంటాయి. వాటి కడుపు నిండా చిన్నచిన్న సంచులు. ఆ సంచుల్లో ఉండే సరుకే హిస్టమిన్.

మళ్లీ ఆ పుప్పొడి ముక్కులోకి వెళ్లగానే ఐజీఈ దాన్ని పట్టుకుంటుంది. వెంటనే సంచులు పగులుతాయి. హిస్టమిన్ బయటపడుతుంది. నరాల చివర్లను తాకితే దురద, తుమ్ములు. రక్తనాళాలను తాకితే అవి వదులై నీరు ఊరి బయటకు వస్తుంది. అందుకే ముక్కు కారుతుంది, కళ్లు ఎర్రబడి నీళ్లు కారతాయి. చర్మంలో అదే జరిగితే దద్దుర్లు లేస్తాయి. ఇదంతా కొద్ది నిమిషాల్లో జరిగిపోతుంది.

హిస్టమిన్ ఊరికే తిరుగుతూ పనిచేయదు. కణాల మీద దానికోసమే ఉన్న తాళాలు ఉంటాయి. హిస్టమిన్ తాళంచెవి. అది తాళంలో దూరితేనే తలుపు తెరుచుకుంటుంది. ముక్కు, కన్ను, చర్మం దురదకు సంబంధించిన తాళానికి హెచ్1 అని పేరు.

మాత్ర చేసే పని

యాంటీహిస్టమిన్ మాత్ర హిస్టమిన్‌ను చంపదు, ఒంట్లోంచి బయటకు పంపదు. ముందుగా వెళ్లి ఆ హెచ్1 తాళంలో తాను కూర్చుంటుంది. తలుపు మూసే ఉంటుంది. తరువాత హిస్టమిన్ వచ్చినా దానికి దూరే చోటు దొరకదు. కాలువలో నీళ్లు ఉన్నా తూముకు పలక వేస్తే మన చేలోకి రావు కదా, అలాగన్నమాట.

దీన్నిబట్టి రెండు విషయాలు అర్థం చేసుకోవాలి. ఒకటి, చేను మునిగాక పలక వేస్తే అప్పటికి వచ్చిన నీళ్లు వెనక్కి పోవు. తుమ్ములు మొదలయ్యాక వేసుకున్నా మాత్ర పనిచేస్తుంది గానీ, ముందే వేసుకుంటే ఇంకా బాగా పనిచేస్తుంది. మాత్ర రక్తంలో కలిసి పని మొదలుపెట్టడానికి దాదాపు ఒక గంట పడుతుంది. నూర్పిడికి వెళ్తే తుమ్ములు ఖాయమని తెలిసినవాళ్లు వెళ్లడానికి ఒకటి రెండు గంటల ముందు వేసుకోవాలి. రెండు, ఈ మాత్ర అలర్జీని నయం చేయదు. మాత్ర పని అయిపోగానే తాళం ఖాళీ అవుతుంది. దుమ్ము అలాగే ఉంటే తుమ్ములూ మళ్లీ వస్తాయి.

తుమ్ములు, దురద, ముక్కు కారడం, కంటి దురద, దద్దుర్లు. వీటికి ఈ మాత్ర బాగా పనిచేస్తుంది. ముక్కు దిబ్బడకు మాత్రం అంతగా పనిచేయదు. ఎందుకంటే దిబ్బడలో హిస్టమిన్‌తో పాటు వేరే రసాయనాల పాత్ర ఎక్కువ. వారాల తరబడి ముక్కు బిగుసుకుపోయి ఉండేవాళ్లకు డాక్టరు రాసే ముక్కు స్ప్రే మాత్ర కంటే మేలు చేస్తుంది. ఆ స్ప్రేకు రోజుల తరబడి క్రమం తప్పకుండా వాడితేనే ఫలితం ఉంటుంది.

పాత మాత్రకు మత్తు ఎందుకు?

మన ఊళ్లలో ఎక్కువగా తెలిసిన మాత్రలు రెండు. చిన్నగా ఉండే సీపీఎం, అంటే క్లోర్‌ఫెనిరమిన్. ఇంకోటి అవిల్, అంటే ఫెనిరమిన్. ప్రొమెథజిన్, హైడ్రాక్సిజిన్, దగ్గు మందుల్లో కలిసే డైఫెన్‌హైడ్రమైన్ కూడా ఇదే తరానికి చెందినవి. వీటికి పెద్ద చరిత్రే ఉంది. 1937లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో డానియల్ బోవే, ఆయన సహచరులు హిస్టమిన్‌ను అడ్డుకునే మొదటి పదార్థాన్ని కనుక్కున్నారు. ఆయనకు 1957లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దారిలో వచ్చినవే ఈ పాత మాత్రలు. చవక. పనిచేస్తాయి. అందులో అబద్ధం లేదు.

చిక్కు ఎక్కడుందంటే, హిస్టమిన్ ముక్కులోనే కాదు, మెదడులోనూ ఉంటుంది. మెదడులో దాని పని వేరు. మనల్ని మెలకువగా ఉంచేది, చురుకుగా ఉంచేది అదే. అక్కడా అదే హెచ్1 తాళం. పాత మాత్రలు చిన్న అణువులు, కొవ్వులో తేలిగ్గా కరిగేవి. మెదడు చుట్టూ రక్తం నుంచి వచ్చే సరుకును తనిఖీ చేసే ఒక గోడ ఉంటుంది. ఈ అణువులు ఆ గోడ దాటి లోపలికి వెళ్లిపోతాయి. ముక్కులో తుమ్మును ఆపినట్టే మెదడులో మెలకువను కూడా ఆపేస్తాయి. అదే మత్తు.

అంతటితో ఆగవు. ఈ పాత మందులు మరో రకం తాళాలను కూడా మూసేస్తాయి. అందుకే నోరు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది. ప్రొస్టేట్ గ్రంథి వాచిన పెద్దవాళ్లకు మూత్రం బిగుసుకుపోతుంది. కొన్ని రకాల నీటికాసుల జబ్బు ఉంటే కంటి ఒత్తిడి పెరుగుతుంది. వయసు మళ్లినవాళ్లు తికమక పడతారు, తూలి పడతారు. రైతుకు, కూలీకి ఇంకొక ప్రమాదం ఉంది. ఇవి చెమట పట్టడాన్ని తగ్గిస్తాయి. రోహిణి కార్తె ఎండలో పనిచేసే మనిషికి ఒళ్లు చల్లబడే దారి చెమట ఒక్కటే. ఆ దారి మూసుకుంటే వడదెబ్బ తొందరగా తగులుతుంది.

"రాత్రి వేసుకుని పడుకుంటే పొద్దున్నకు దిగిపోతుంది కదా డాక్టరుగారూ" అని చాలామంది అంటారు. దిగిపోదు. పెద్దవాళ్లలో క్లోర్‌ఫెనిరమిన్ సగం తగ్గడానికే దాదాపు ఒక రోజు పడుతుంది. రాత్రి తొమ్మిదింటికి మింగిన మాత్ర, మరునాడు పొద్దున్నే మీరు హార్వెస్టర్ ఎక్కేసరికి ఇంకా ఒంట్లో ఉంటుంది.

నిద్ర రాకపోయినా చెయ్యి మందగిస్తుంది

ఇక్కడ ఒక ప్రయోగం గురించి చెప్పాలి. అమెరికాలోని అయోవాలో చేసి, 2000 సంవత్సరంలో ప్రచురించారు. అలర్జీ ఉన్న 40 మంది డ్రైవర్లను తీసుకున్నారు. నిజమైన రోడ్డులాగే కనిపించే నమూనా వాహనంలో కూర్చోబెట్టారు. ఒకసారి డైఫెన్‌హైడ్రమైన్ 50 మిల్లీగ్రాములు, ఒకసారి ఫెక్సోఫెనడిన్ 60 మిల్లీగ్రాములు, ఒకసారి సారాయి, ఒకసారి మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. సారాయి ఎంత అంటే, రక్తంలో 100 మిల్లీలీటర్లకు దాదాపు 100 మిల్లీగ్రాములు చేరేంత. మన దేశంలో డ్రైవర్‌కు చట్టం పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు. అంటే మన చట్టం ఒప్పుకునేదానికి మూడు రెట్లకు పైగా.

ఫలితం ఏమొచ్చింది? మొత్తం మీద అందరికంటే అధ్వానంగా బండి నడిపింది పాత అలర్జీ మందు వేసుకున్నప్పుడు. తాగినప్పటికంటే అధ్వానంగా. ఫెక్సోఫెనడిన్ వేసుకున్నప్పుడు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నట్టే నడిపారు.

ఇంకో మాట జాగ్రత్తగా వినండి. మీకు మగతగా ఉందా అని ఆ డ్రైవర్లను అడిగారు. వాళ్లు చెప్పిన జవాబుకూ, నిజంగా బండి నడిపిన తీరుకూ పొంతన కుదరలేదు. "నాకేం మత్తుగా లేదు" అన్న మనిషి కూడా బండి సరిగ్గా నడపలేకపోవచ్చన్నమాట. తాగినవాడికి తాను తాగానని తెలుసు, పక్కవాడికి వాసన వస్తుంది. ఈ మాత్ర వేసుకున్నవాడిని చూస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "నాకు అలవాటే, నన్నేం చేయదు" అనే ధీమా ఇక్కడ పనికిరాదు.

మన పనులు తలచుకోండి. రోటవేటర్ వెనక నడిచేవాళ్లు ఉంటారు. నూర్పిడి మిషన్‌కు మోపు అందించేటప్పుడు చెయ్యి ఎక్కడ వదలాలో క్షణంలో తేల్చుకోవాలి. చాఫ్ కట్టర్‌లో గడ్డి తోసేటప్పుడూ అంతే. రాత్రి కరెంటు ఇచ్చినప్పుడు మోటారు వేయడానికి చీకట్లో స్టార్టర్ దగ్గరికి వెళ్లాలి. ధాన్యం లోడుతో హైవే ఎక్కాలి. మందు కలిపేటప్పుడు మూత కొలత తప్పకూడదు. అర క్షణం ఆలస్యం వేలును, చేతిని, ప్రాణాన్ని తీసుకుపోగలదు. ఆఫీసులో కుర్చీలో కూర్చునే మనిషికి కునుకు వస్తే ఫైలు ఆగుతుంది. మనకు అలా కాదు.

మత్తు తగ్గిన మాత్రలు ఎలా వచ్చాయి?

కొత్త తరం మాత్రలంటే లోరాటడిన్, సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ లాంటివి. హెచ్1 తాళంలో కూర్చోవడంలో ఇవి పాతవాటికి ఏమీ తీసిపోవు. తేడా అల్లా మెదడు గోడ దగ్గర. ఇవి ఆ గోడను సులువుగా దాటలేవు. దాటబోయినా గోడలో ఉండే పంపులు చాలావాటిని మళ్లీ రక్తంలోకి తోసేస్తాయి. ముక్కు దగ్గర పని జరుగుతుంది, మెదడు తన మానాన తాను మెలకువగా ఉంటుంది. పైగా చాలావరకు రోజుకు ఒక్క మాత్ర సరిపోతుంది.

కొత్తది కదా అని కళ్లు మూసుకుని నమ్మమని నేను అనను. మత్తు లేని మాత్రల్లో మొదట పేరు తెచ్చుకున్నది టెర్ఫెనడిన్. కొన్ని యాంటీబయాటిక్‌లతో, ఫంగస్ మందులతో కలిస్తే అది గుండె లయను తప్పించి ప్రాణాలు తీస్తుందని తరువాత బయటపడింది. 1990లలో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. దాన్ని కాలేయం మార్చగా వచ్చే పదార్థమే ఫెక్సోఫెనడిన్. అలర్జీ మీద అసలు పనిచేసేది అదేననీ, దానికి గుండెను ఇబ్బందిపెట్టే గుణం లేదనీ తేలాక 1996లో దాన్నే మందుగా అనుమతించారు.

కొత్తవాటిలోనూ అన్నీ ఒకటి కావు. ఫెక్సోఫెనడిన్‌కు మత్తు దాదాపు లేదు. లోరాటడిన్ మామూలు మోతాదులో మత్తు ఇవ్వదు, మోతాదు పెంచితే ఇవ్వవచ్చు. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ మధ్యలో ఉంటాయి. సీపీఎం కంటే చాలా నయం, కానీ కొందరికి మగత తెప్పిస్తాయి. షాపులో "ఇది నాన్ డ్రౌజీ అన్నా" అని సెట్రిజిన్ చేతిలో పెడితే సగమే నమ్మండి. మొదటిసారి వేసుకునేటప్పుడు యంత్రం జోలికి పోని రోజున వేసుకుని చూడండి. మరునాడు పొద్దున కూడా ఎలా ఉందో గమనించండి. ఏ మాత్రం బరువుగా అనిపించినా అది యంత్రం పనికి మీ మాత్ర కాదు. డాక్టరును అడిగి వేరేది మార్చుకోండి.

వేసుకునే పద్ధతి

పెద్దవాళ్లకు మామూలుగా సెట్రిజిన్ 10 మిల్లీగ్రాములు రోజుకు ఒకటి. లోరాటడిన్ కూడా 10 మిల్లీగ్రాములే. ఫెక్సోఫెనడిన్ అయితే ముక్కు అలర్జీకి 120, దద్దుర్లకు 180 మిల్లీగ్రాములు రాస్తుంటారు. తగ్గలేదని రెండు మూడు కలిపి మింగవద్దు. దద్దుర్లు మొండిగా ఉంటే డాక్టర్లు ఒక్కోసారి మోతాదు పెంచుతారు, కానీ అది వాళ్లు చూసి చేయాల్సిన పని.

ఫెక్సోఫెనడిన్‌ను మంచినీళ్లతోనే మింగాలి. బత్తాయి, నారింజ, ఆపిల్ రసాలతో వేసుకుంటే ఒంటికి పట్టేది బాగా తగ్గిపోతుంది. కడుపు మంటకు తాగే తెల్ల మందుకూ దీనికీ మధ్య రెండు గంటలైనా తేడా ఉండాలి.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు తప్పకుండా డాక్టరుకు ముందే చెప్పాలి. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్ మోతాదు వాళ్లకు తగ్గించాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇంటింటికీ కిడ్నీ బాధితులున్నారు. అలాంటి చోట అలవాటుగా రోజూ ఒక మాత్ర మింగడం మంచిది కాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అడిగి వేసుకోవాలి. పిల్లలకు పెద్దల మాత్ర విరిచి పెట్టవద్దు.

ఏ మాత్ర అయినా మందు తాగి వేసుకోవద్దు. నిద్రమాత్రలు వాడేవాళ్లకు పాత అలర్జీ మాత్రలు మరీ ప్రమాదం.

ఇక అట్ట వెనక ఏం రాసి ఉందో చూడటం అలవాటు చేసుకోండి. "జలుబు మాత్ర" అని ఇచ్చే వాటిలో చాలావాటిలో పారాసిటమాల్, ఫినైల్‌ఎఫ్రిన్‌తో పాటు క్లోర్‌ఫెనిరమిన్ కలిసి ఉంటుంది. మత్తు ఇచ్చేది అదే. ఫినైల్‌ఎఫ్రిన్ బీపీ ఉన్నవాళ్లకు మంచిది కాదు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లో ఆదేశించింది. లెవోసెట్రిజిన్‌తో మాంటెలుకాస్ట్ కలిపిన మాత్ర కూడా ఇప్పుడు విపరీతంగా నడుస్తోంది. మాంటెలుకాస్ట్ కొందరిలో పీడకలలు, దిగులు, చెడు ఆలోచనలు తెస్తుందని అమెరికా ఔషధ సంస్థ 2020లో గట్టి హెచ్చరిక పెట్టించింది. తుమ్ములకు అది అందరికీ అవసరం లేదు. ఒక మందు సరిపోయేచోట రెండు కలిపింది కొనకండి.

కాగితంలో పొట్లం కట్టి ఇచ్చే పేరు లేని మాత్రలతో ఇంకా జాగ్రత్త. ఒక్క పూటలో అద్భుతంగా తగ్గిపోయిందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించండి. డాక్టరు చూసి కొద్దిరోజులు ఇస్తే స్టెరాయిడ్ మంచి మందే. నెలల తరబడి సొంతంగా మింగితే షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి, కంట్లో శుక్లాలు వస్తాయి.

ఈ మాత్రను నమ్ముకోకూడని సందర్భాలు

హిస్టమిన్ వల్ల వచ్చిన బాధకే యాంటీహిస్టమిన్ మందు. ముక్కు కారినదల్లా, దురద పెట్టినదల్లా అలర్జీ కాదు.

మొదటిది పురుగుమందు. ఇది గుర్తుపెట్టుకోండి. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు కొట్టిన తరువాత ముక్కు కారడం, కళ్ల నీళ్లు, ఛాతీ బిగుసుకుపోవడం కనిపిస్తే "మందు ఘాటుకు అలర్జీ వచ్చింది" అని మాత్ర మింగి పడుకుంటారు. అది విషం ఎక్కుతున్న గుర్తు కావచ్చు. నోట్లో లాలాజలం ఊరడం, విపరీతమైన చెమట, వాంతులు, కండరాలు అదరడం, కంటిపాప సూదిమొనంత చిన్నదవడం తోడైతే క్షణం ఆలస్యం చేయవద్దు. బట్టలు విప్పేసి, సబ్బుతో ఒళ్లు కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దానికి అట్రోపిన్ అనే విరుగుడు ఉంది. అలర్జీ మాత్ర ఆ విషానికి విరుగుడు కాదు. మత్తుమాత్ర అయితే అసలు గుర్తులను కప్పిపుచ్చుతుంది కూడా.

రెండోది కందిరీగ, తేనెటీగ కుట్టడం. కుట్టినచోట వాపు, దురద ఉంటే మాత్ర చాలు. పెదవులు, నాలుక వాచినా, గొంతు పట్టినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా అప్పుడు కాపాడేది అడ్రినలిన్ ఇంజెక్షన్ మాత్రమే. మాత్ర వేసి చూద్దామని కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి.

మూడోది ఆయాసం. రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు ఉంటే అది ఉబ్బసం కావచ్చు. దానికి పీల్చే మందు కావాలి. బూజు పట్టిన గడ్డి కదిపిన నాలుగు నుంచి ఎనిమిది గంటల తరువాత జ్వరం, దగ్గు, ఆయాసం వస్తుంటే దాన్ని రైతు ఊపిరితిత్తి జబ్బు అంటారు. అదీ ఈ మాత్రకు లొంగదు. అశ్రద్ధ చేస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి.

నాలుగోది మిరప. గుంటూరు యార్డులో హమాలీ అయినా, కళ్లంలో కాయలు ఏరే అక్క అయినా, అక్కడ తుమ్ములు, మంట చాలావరకు అలర్జీ కాదు. మిరపలోని క్యాప్సైసిన్ నేరుగా నరాలను మండిస్తుంది. హిస్టమిన్ తాళం మూసినా ఆ మంట ఆగదు. మూతికి గుడ్డ, కళ్లద్దాలు, గాలి ఆడే చోటు, ఇవే మందు. దూలగొండి దురద కూడా అంతే. దాని నూగులోని పదార్థం హిస్టమిన్‌తో పనిలేకుండా వేరే దారిలో దురద పుట్టిస్తుంది.

ఐదోది వయ్యారిభామ. 1950లలో పుణె దగ్గర మన దేశంలో మొదట గమనించిన ఈ కలుపు ఇప్పుడు ఎక్కడ లేదో చెప్పడం కష్టం. ఈ ఒక్క మొక్కే రెండు రకాల జబ్బులు తెస్తుంది. దాని పుప్పొడికి వచ్చే తుమ్ములు హిస్టమిన్ వల్ల వచ్చేవి, మాత్రకు తగ్గుతాయి. దాని ఆకు, దుమ్ము తగిలి ఒకటి రెండు రోజుల తరువాత మెడ మీద, ముఖం మీద, మోచేతి మడతల్లో చర్మం ఎర్రబడి, మందంగా మారి, పగిలి రసి కారేది వేరే జబ్బు. దాన్ని తెచ్చేది తెల్ల రక్తకణాలు. హిస్టమిన్ పాత్ర అందులో చాలా తక్కువ. ఏళ్ల తరబడి అలర్జీ మాత్ర మింగుతూ "నాకు పడటం లేదు" అని బాధపడే రైతులు చాలామంది ఈ కోవలోనివాళ్లే. మందు మంచిదే, జబ్బు వేరు. చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ఆ మొక్కకు దూరంగా ఉండాలి.

దుమ్ము తగ్గకుండా మాత్ర ఏం చేస్తుంది?

ముక్కుకు, నోటికి సరిగ్గా అతికే మాస్కు, అది లేకపోతే కనీసం తడిపిన గుడ్డ కట్టుకోండి. నూర్పిడి మిషన్ దగ్గర గాలి వీచే వైపు నిలబడండి, దుమ్ము పోయే వైపు వద్దు. పని అవగానే స్నానం చేసి బట్టలు మార్చండి. ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కుంటే అందులో ఇరుక్కున్న దుమ్ము పోతుంది. ఆ నీళ్లు కాచి చల్లార్చినవై ఉండాలి. వయ్యారిభామను పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగు వేసుకుని వేళ్లతో సహా పీకాలి. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. మీ గట్టు ఒక్కటి శుభ్రం చేసుకుంటే చాలదు. ఊరంతా ఒకేసారి చేయాలి.

సంఘం చేయాల్సిన పని

ఇంతవరకు మీరు చేయాల్సింది చెప్పాను. కానీ జాగ్రత్తలన్నీ రైతు మెడకే చుట్టి ఊరుకోవడం న్యాయం కాదు. కూలి పోతుందని ముక్కు కారుతూనే మిషన్ ఎక్కే మనిషికి ఏ మాత్ర దొరికితే అదే గతి. మన జాతీయ అత్యవసర మందుల జాబితాలో సెట్రిజిన్ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నమూనా జాబితాలో లోరాటడిన్ ఉంది. ఇవి ఖరీదైన విదేశీ మందులు కావు. పేటెంట్లు ఎప్పుడో తీరిపోయాయి, మన దేశంలోనే తయారవుతున్నాయి. జన ఔషధి దుకాణాల్లో కంపెనీ పేరు లేకుండా తక్కువ ధరకు దొరుకుతాయి. అయినా పల్లెకు చేరేసరికి మిగిలేది సీపీఎం డబ్బానే.

కాబట్టి నాలుగు డిమాండ్లు మీ ముందు పెడుతున్నాను. మీరు చర్చించి నిర్ణయించండి.

ఒకటి, ప్రతి పీహెచ్‌సీలో, పల్లె దవాఖానాలో మత్తు లేని అలర్జీ మాత్రలు కోతల కాలంలో నిల్వ ఉండాలి. మాత్ర ఇచ్చేటప్పుడు "ఏ పని చేస్తావు, ఏ యంత్రం నడుపుతావు" అని అడిగి ఇవ్వాలి.

రెండు, మత్తు తెచ్చే ప్రతి మందు అట్ట మీద "ఇది వేసుకుని ట్రాక్టర్, యంత్రం నడపరాదు" అని తెలుగులో, కంటికి ఆనే అక్షరాల్లో రాయాలి. ఇప్పుడున్న అక్షరాలు చదవడానికి భూతద్దం కావాలి.

మూడు, మార్కెట్ యార్డుల్లో హమాలీలకు మాస్కులు, కళ్లద్దాలు మార్కెట్ కమిటీలే ఇవ్వాలి. మార్కెట్లో వసూలు చేసే సెస్సులో నుంచి ఆ ఖర్చు పెట్టాలి.

నాలుగు, వయ్యారిభామ నిర్మూలనను పంచాయతీలు ఉపాధి హామీ పనుల్లో చేర్చాలి, చేతి తొడుగులు ఇచ్చి మరీ చేయించాలి.

ఇవి గెలుచుకునే లోపు మనంతట మనం చేయగలిగింది ఒకటుంది. ప్రతి గ్రామ కమిటీలో ఒక్కరు బాధ్యత తీసుకోండి. ఊళ్లో ట్రాక్టర్, హార్వెస్టర్, నూర్పిడి మిషన్ నడిపే వాళ్లందరితో మాట్లాడండి. వాళ్ల జేబులో, ఇంట్లో ఉన్న అలర్జీ మాత్ర అట్ట తెప్పించి చూడండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్ అని కనిపిస్తే యంత్రం నడిపే వాళ్లకు అవి వద్దని చెప్పి డాక్టరు దగ్గరికి పంపండి. మందు కొట్టేవాళ్లకు పురుగుమందు విషం గుర్తులు నోటికి వచ్చేలా చెప్పండి. వచ్చే కోతలు మొదలయ్యేలోపు ఈ పని పూర్తి కావాలి.

ఇక ప్రశ్నలు అడగండి.